పాస్‌పోర్టులో ముద్రలు

2018 వేసవిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్ వచ్చేశాం. నాన్నకి పక్షవాతం వచ్చినప్పటినుంచీ నేను తెనాలికీ ఎడిసన్‌కీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఇంక తిరుగుడు చాలు, అక్కడికే వెళ్లిపోదామని మావారే అన్నారు.

సామాను దగ్గర మొదట తేలాల్సింది కరెంటు సంగతి. అమెరికాలో 120 వోల్టులు, మనకి 230. వాషింగ్ మెషీను, మైక్రోవేవ్ తెచ్చుకున్నా ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నడవవు. వాటిని పక్కింటివాళ్లకి ఇచ్చేశాం. ఓడెక్కినవల్లా మంచాలు, పరుపులు, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషను, కొత్తగా కొన్న పెద్ద టీవీ, స్టీలు సామాను. వాటితోపాటు ఒకప్పుడు తెనాలినుంచే నాతో వచ్చిన అమ్మమ్మ ఇత్తడి గుండిగ.

ప్యాకింగ్ కంపెనీ వాళ్లు "ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ కింద అన్నీ ఫ్రీ అండీ" అన్నారు. నేను ముందు బయల్దేరుతున్నానని కాగితాలన్నీ నా పేరుమీదే రాశారు.

అన్నీ ఫ్రీ కావు. అప్పుడు అమల్లో ఉన్నవి 2016 బ్యాగేజీ నిబంధనలు. రెండేళ్లు విదేశంలో ఉండి శాశ్వతంగా తిరిగొచ్చేవాళ్లకి 5 లక్షల రూపాయల విలువదాకా వాడిన ఇంటి సామానుమీద సుంకం ఉండేది కాదు. టీవీ, డిష్‌వాషరు, 300 లీటర్లు దాటిన ఫ్రిజ్ లాంటివి ఆ లెక్కలోకి వచ్చేవి కావు. వాటికి సుంకం కట్టాల్సి వచ్చేది, కాకపోతే తగ్గింపు రేటు. వీటన్నిటికంటే గట్టి షరతు ఇంకోటుండేది. ఆ రెండేళ్లలో మన దేశానికి వచ్చివెళ్లిన రోజులన్నీ కలిపి ఆరు నెలలు మించకూడదు. మించితే కింది మెట్టుకి దిగిపోయేవాళ్లం. అక్కడ మినహాయింపు 2 లక్షలే. పైన మిగిలిన విలువకీ, టీవీకీ 35 శాతం సుంకం, దానిమీద పది శాతం సర్‌ఛార్జి, వెరసి 38.5 శాతం.

చెన్నై రేవులో దిగిన పెట్టెల్ని ఊరి బయట ఒక గోదాముకి చేర్చారు. రేకుల కప్పు కింద ఎండ మండిపోతోంది. కూలీలు బ్లేడుతో టేపు కోసి ఒక్కో పెట్టే తెరుస్తుంటే, అధికారి ప్యాకింగ్ లిస్టు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. గుండిగ బయటికి తీసినప్పుడు వేలితో కొట్టి చూసి, "పాతదే" అని ముందుకు కదిలాడు. మనిషి మర్యాదస్తుడు. తెలుగు బాగానే మాట్లాడాడు. తర్వాత నా పాస్‌పోర్టు అడిగాడు.

అమెరికానుంచి బయల్దేరేటప్పుడు పాస్‌పోర్టులో ముద్ర వేయరు. అందుకని మన ఇమిగ్రేషన్ వాళ్లు వచ్చినప్పుడూ పోయినప్పుడూ వేసిన ముద్రల్నే వెతుకుతూ, లిస్టు వెనకాల పెన్సిలుతో తేదీలు రాసుకున్నాడు. ఒక్కో తేదీ రాస్తుంటే నాకు ఒక్కో సంగతి గుర్తొచ్చింది. ఇది నాన్న పడిపోయినప్పుడు. ఇది గుంటూరు ఆసుపత్రిలో ఉంచినప్పుడు. ఇది అమ్మ ఒక్కతే లేపలేకపోతోందని వచ్చినప్పుడు. కూడిక అయ్యాక, "ఆరు నెలలు దాటిందమ్మా" అన్నాడు.

మా క్లియరింగ్ ఏజెంటు నన్ను పక్కకి పిలిచి, "కొంత ఇస్తే నేను చూసుకుంటాను మేడమ్" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తిరిగి ఆ అధికారి దగ్గరికే వెళ్లి, నాన్న జబ్బు సంగతి చెప్పి, దీనికేమైనా దారి ఉందా అని అడిగాను. ఉంది. తగిన కారణముంటే ఆరు నెలలు దాటినా కమిషనర్ మన్నించవచ్చని ఆ నిబంధనల్లోనే రాసుంది. "అర్జీ రాయండి, ఆసుపత్రి కాగితాలు జత చెయ్యండి" అన్నాడు. అప్పటిదాకా ఈ ముక్క ప్యాకింగ్ కంపెనీ చెప్పలేదు, ఏజెంటూ చెప్పలేదు.

అక్కడే ఒక బల్లమీద రాసిచ్చాను. డిశ్చార్జి కాగితాలు తమ్ముడు తెనాలినుంచి పంపించాడు. నా పక్కన కువైట్ నుంచి వచ్చిన రాయచోటి కుర్రాడొకడు కూర్చుని ఉన్నాడు. కంపెనీ మూతపడి, రెండేళ్లు నిండడానికి కొద్ది వారాల ముందే వచ్చేశాడు. అమ్మకని తెచ్చిన టీవీకి పూర్తి సుంకం అప్పటికే కట్టేశాడు. రెండు నెలల లోపు తక్కువైతే దాన్నీ మన్నించే వీలు అప్పుడు ఉండేది. ఆ మాట నాకు మరునాడుగానీ తెలియలేదు. అప్పటికి అతను వెళ్లిపోయాడు. ఇన్నేళ్లయినా ఆ బాధ నాకు పోలేదు.

మా అర్జీ మంజూరైంది. టీవీకి తగ్గింపు రేటున సుంకం కట్టాం, మిగతాదంతా వదిలేశారు. అయితే నిర్ణయం వచ్చేదాకా గోదాములో రోజురోజుకీ పెరిగిన అద్దె ఆ సుంకాన్ని మించిపోయింది. అర్జీ ముందే పెట్టుకుని ఉంటే ఆ డబ్బు మిగిలేది.

పుట్టింట్లో జబ్బుమనిషిని చూసుకోడానికి వచ్చిన రోజుల్ని విహారయాత్ర రోజుల్తో కలిపి లెక్కగట్టడం అన్యాయం. ఆ అన్యాయాన్ని సరిదిద్దే వాక్యం ఆ నిబంధనల్లోనే ఉన్నా, అడిగినవాళ్లకే అది దక్కడం అంతకంటే అన్యాయం. కస్టమ్స్ వాళ్లు బ్యాగేజీ డిక్లరేషన్ ఫారం మీదే ఇలాంటి వాక్యాల్ని తెలుగులో, తమిళంలో అచ్చువేయాలి. తిరిగొచ్చే ఆలోచనలో ఉన్నవాళ్లు సామాను కట్టకముందే ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ముందేసుకుని రోజులు లెక్కపెట్టండి. ఎవరి లెక్క అప్పటికి అమల్లో ఉన్న పరిమితి లోపుంటే వాళ్ల పేరుమీదే కాగితాలు రాయించండి. ఎవరిదీ లేకపోతే, ఆసుపత్రి కాగితాలు పెట్టెల్లో సర్దకుండా చేతిసంచిలో పెట్టుకోండి.