తగ్గిందా, కుదుటపడ్డారా?

రుషికొండలో మా ఎదురింటి అమ్మాయి నర్సింగ్ చదువుతోంది. సాయంత్రం సముద్రపు గాలి మళ్లేవేళకి మా అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు పాఠం అప్పజెబుతుంది. మొన్నటి పాఠం, జబ్బు నుంచి లేవడాన్ని చెప్పే జంట మాటలు. స్పీడీ రికవరీ, ఫుల్ రికవరీ. రికవరీని 'డూ' అనకూడదు, 'మేక్' అనాలి. "ఎందుకు పిన్నీ?" అంది. మనకి జ్వరం కాస్తుంది, తల నొస్తుంది. తల కాస్తుందని, జ్వరం నొస్తుందని ఎవరైనా అంటారా? ఏ మాటకి ఏ మాట తోడో పుట్టినప్పటి నుంచీ విని పట్టుకోవాల్సిందే.

ఆ 'మేక్' దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఇంగ్లీషులో కోలుకోవడం రోగి చేసే పని. మనం "నాకు తగ్గింది" అంటాం. జ్వరమే వచ్చింది, జ్వరమే పోయింది. మనిషి 'నాకు' అంటూ పక్కన నిలబడ్డాడు. ఆటలమ్మ పోసినప్పుడైతే వచ్చిందీ వెళ్లిందీ సాక్షాత్తూ అమ్మవారే.

తేరుకున్నాడు, కుదుటపడ్డాడు అన్నప్పుడు మాత్రం మనిషి ముందుకొస్తాడు. ఈ రెండు మాటలంటే నాకు ప్రాణం. వానాకాలపు బురదనీళ్లు బిందెలో కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. రోగం తర్వాతి ఒళ్లూ అంతే. ఇక కుదురు అంటే గుండ్రటి కుండ దొర్లిపోకుండా కింద పెట్టే గడ్డిచుట్ట. కుండ ఆ చుట్టలో కూర్చున్నట్టు ప్రాణం తన చోట కూర్చోవడం కుదుటపడడం. ఇంగ్లీషువాళ్ల 'ఆన్ ద మెండ్'లో చిరుగు కుట్టుకుంటున్న గుడ్డ కనిపిస్తుంది. అదీ అందమైన మాటే. కుట్టేవాళ్లు చెయ్యి వేగం పెంచొచ్చేమో గానీ, తేరుకునే నీళ్లని తొందరపెడితే మళ్లీ బురదే.

ఇంతలో ఆ పిల్ల తన వార్డులో సంగతి చెప్పింది. ఒక ముసలమ్మ, బెస్తల ఇంటి మనిషి, క్షయకి మందులు వాడుతోంది. రెండో నెలలోనే "దగ్గు తగ్గిపోనాది పాపా, ఇంక బిళ్లలెందుకు?" అందట. ఆమె మాటలో అబద్ధం లేదు. తగ్గడం అంటే కాస్త మెరుగవడమూ అవును, పూర్తిగా పోవడమూ అవును. 'నయం' కూడా అలాంటిదే. నిన్నటికంటే నయం అంటాం, రోగం నయమైపోయిందనీ అంటాం. ఇంగ్లీషు 'బెటర్'కీ ఈ తికమక ఉంది. అందుకే డాక్టర్లు 'క్యూర్డ్' అని వేరే మాట రాసుకుంటారు.

మామూలు మందులకి లొంగే క్షయకి చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. దగ్గు, జ్వరం తొలి వారాల్లోనే సర్దుకుంటాయి, ఆకలి పుడుతుంది, ఒంటికి కండ పడుతుంది. లోపల క్రిములు మాత్రం ఇంకా మిగిలే ఉంటాయి. అప్పుడు మానేస్తే రోగం తిరగబెడుతుంది, ఒక్కోసారి ఆ మందులకే లొంగనంత మొండిదవుతుంది. చివర్లో కఫం పరీక్షలో క్రిమి లేదని తేలాకే క్యూర్డ్ అని రాస్తారు.

"ఆమెకి ఏమని చెప్పను పిన్నీ?" అంది. బిందె మాట చెప్పమన్నాను. "తగ్గింది నిజమే అవ్వా, ఇంకా తేరుకోలేదు. నీళ్లు పైపైన తేటగా కనబడుతున్నాయి, ఇప్పుడు బిందె కదపకు" అను.

పలకరింపుకి వెళ్లినప్పుడు మనందరం "తగ్గిందా?" అనే అడుగుతాం. అడగండి. దాని వెంటే ఇంకొకటి కూడా అడగండి: "మందులు ఎన్నాళ్లు వాడమన్నారు? ఇంకెన్ని రోజులున్నాయి?"