కుందా కొలత

మా నానా ఒకప్పుడు 12 బోర్ జోడుగొట్టాల తుపాకీతో కొల్లేట్లో బాతుల షికారు చేసిన మనిషి. నా చిన్నప్పుడు ఏలూరు ఇంట్లో ఖాళీ బందూఖ్ నా చేతికిచ్చి, కుందా అడుగుని మోచేతి మడతలో ఆనించమనేవారు. చూపుడువేలు ట్రిగ్గర్‌కి అందితే కొలత సరిపోయినట్టు.

"పొడుగైతే చంకలో చిక్కుద్ది బేటా, పొట్టిదైతే బొటనవేలు ముక్కుకి తగులుద్ది. భుజానికి సందు లేకుండా ఆనితే ధక్కా ఒళ్లంతా పంచుకుంటుంది. సందుంటే గుద్దుద్ది."

తాడేపల్లిగూడెం మామూ ఆ మాట వినలేదు. తాటిదోనెలో నిలబడి పేల్చి నీళ్లలో పడ్డారు. వారంపాటు భుజం కమిలిపోయింది.

1972 చట్టంతో షికారుకి ఆంక్షలొచ్చాయి, 1991 సవరణతో పూర్తిగా బందైంది. నానా అంతకు చాలా ముందే మానేశారు. ఎందుకని అడిగితే చాలాసేపు ఖామోష్‌గా ఉండిపోయారు.

"కుందా నాకు బాగా కుదిరింది బేటా. నొప్పే తెలిసేది కాదు. ఒక పొద్దున దోనె నిండాక గానీ ఎన్ని జాన్‌లు తీశానో చూసుకోలేదు. తినగలిగినవి నాలుగే."

1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. మొన్న మావాణ్ణి ఆటపాక తీసుకెళ్లాను. దూర్బీన్ వాడి కళ్లకి సరిచేస్తుంటే, "అబ్బా, ఎన్నున్నాయో లెక్కపెట్టనా?" అన్నాడు.

పెట్టమన్నాను.