నడుమున కట్టిన ఆయుధము



మన పల్లెలలో తాటివనమునకు పోవు గీతకాడు నడుమున కత్తి కట్టుకొని వీధివెంట నడచిపోవును. ఆ కత్తి ఎంత పదునైనదో అందరును ఎరుగుదురు. అయినను దానిని చూచి పిల్లలైనను జడియరు. ఏలయనగా అది అతని పనిముట్టు, అది అందరి కంటికిని కనబడుచున్నది. అదే కత్తిని ఒకడు కండువా చాటున దాచుకొని సంతకు వచ్చెనని తెలిసినచో సంత అంతయు గగ్గోలుపడును. కనబడు కత్తి పనిముట్టు, కనబడని కత్తి పగ అని మన జనుల తలంపు.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ తలంపును గూర్చియే చాలకాలముగా ఒక వాదము జరుగుచున్నది. పిస్తోలు ధరించువాడు దానిని అందరికి కనబడునట్లు నడుమున కట్టుకొనవలెనా, లేక చొక్కా క్రింద మరుగుగా ఉంచుకొనవలెనా? మన దేశములో 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదు. ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు గలవారు సహితము వాటిని సాధారణముగా పోలీసు స్టేషనులో అప్పగింతురు. కాబట్టి ఇది మనకు దూరపు సంగతిగా తోచవచ్చును. అయితే టెక్సాసు రాష్ట్రమున డాలస్ పట్టణ పరిసరములలో మన తెలుగువారు వేలకొలదిగా కాపురముండి, తెలుగులోనే దేవుని ఆరాధించుచున్నారు. వాక్యపరిచర్య నిమిత్తము నేనక్కడికి వెళ్లినప్పుడు, ఒక చిన్న తెలుగు సంఘపు పెద్దలు ఈ ప్రశ్ననే నా ముందుంచిరి. వారికి చెప్పిన జవాబును మీతో కూడ పంచుకొనగోరుచున్నాను.

ముందుగా చరిత్ర కొంచెము వినుడి. ఆయుధములు కలిగియుండు హక్కును ఆ దేశపు రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణ కాపాడుచున్నది. ఆ తొలి దినముల జనులు మన పల్లెవారివలెనే తలంచిరి. కెంటకీ, లూసియానా రాష్ట్రములు 1813లోనే దాచిన ఆయుధములను నిషేధించెను. దాచి మోయుటను మాన్పవచ్చును గాని బాహాటముగా మోయుటను మాన్పరాదని 1846లో జార్జియా రాష్ట్రపు పై న్యాయస్థానము తీర్పు చెప్పెను. యథార్థవంతుడు చూపి మోయును, నరహంతకుడు దాచి మోయును అనునది ఆ కాలపు భావము.

కాలము గడచినకొలది ఆ భావము తలక్రిందులైనది. పట్టణములలో కనబడు తుపాకియే బెదరింపుగా తోచసాగెను. 1967లో కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు అను నల్లజాతి యువకులు తుపాకులు బాహాటముగా పట్టుకొని తిరుగగా, ఆ రాష్ట్రము గుండ్లు నింపిన తుపాకులతో బహిరంగ స్థలములలో సంచరించుటను నిషేధించెను. తుపాకి ఎవని నడుమున ఉన్నదో చూచి జనులు దాని అర్థము నిర్ణయింతురని దీనివలన తెలియుచున్నది. మరుగుగా మోయుటకు లైసెన్సులిచ్చు చట్టములను 1987లో ఫ్లోరిడా, 1995లో టెక్సాసు చేసెను. 2016 జనవరి 1 నుండి టెక్సాసులో లైసెన్సు గలవారు బాహాటముగాను మోయవచ్చుననిరి. 2021 సెప్టెంబరు నుండి, 21 ఏండ్లు నిండి చట్టపు అడ్డంకి లేనివారికి లైసెన్సు అక్కరయు తీసివేసిరి. ఇంటి వెలుపల పిస్తోలు మోయుటయు హక్కేనని 2022లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నేడు సగమునకు మించిన రాష్ట్రములలో లైసెన్సు లేకయే మోయవచ్చును.

ఇరుపక్షముల వాదమును న్యాయముగా వినవలెను. బాహాటముగా మోయువారు, “దాచుట మోసము, చూపుట యథార్థత. దొంగ చూచి వెనుకకు పోవును. అవసరమైనప్పుడు చొక్కా ఎత్తి వెదకుకొను పని ఉండదు” అందురు. మరుగుగా మోయువారు, “చూపినచో దుష్టుడు మొదట నిన్నే కాల్చును. వెనుకనుండి ఎవడైనను లాగుకొనును. పొరుగువాడు నిష్కారణముగా బెదరును. ఎవనియొద్ద ఉన్నదో తెలియనందున దుర్మార్గుడు అందరికిని భయపడును” అందురు. ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నది.

ఇది దేవుని మందిరములోనికి ఏల వచ్చెనందురా? 2015 జూన్ 17న చార్లెస్టన్ పట్టణములో ఇమ్మానుయేలు సంఘపు బైబిలు తరగతిలో ఒక తెల్లజాతి యువకుడు వచ్చి కూర్చుండెను. వారతనిని చేర్చుకొనిరి. ప్రార్థనకు కన్నులు మూయగా అతడు దాచితెచ్చిన పిస్తోలు తీసి, కాపరితో కూడ తొమ్మిదిమందిని చంపెను. 2017 నవంబరు 5న టెక్సాసులోని సదర్లాండ్ స్ప్రింగ్స్ గ్రామపు ఆరాధనలో, గర్భమందున్న శిశువుతో కూడ 26 ప్రాణములు పోయెను. 2019 డిసెంబరు 29న వైట్ సెటిల్‌మెంట్ అను ఊరి సంఘములో ఒకడు పొడవు కోటు క్రింద దాచిన తుపాకి తీసి ఇద్దరిని చంపెను. వారిలో ఒకడు సంఘపు కావలివాడు. తన పిస్తోలు తీయబోవుచుండగానే అతడు కూలెను. మరియొక కావలివాడు, తుపాకి శిక్షణలో ఆరితేరినవాడు, ఆరు సెకనులలో ఆ హంతకుని పడగొట్టెను. దాచిన పిస్తోలు ఒకనికి ఆలస్యమాయెను, మరియొకని చేతిలో అనేకులను కాపాడెను.

టెక్సాసులో లైసెన్సుదారుల విషయమై సంఘములు వాకిట కట్టదగిన పలకలు రెండు కలవు. 30.06 అను అంకె గల పలక మరుగు పిస్తోలును, 30.07 పలక బాహాటపు పిస్తోలును నిషేధించును. లైసెన్సు లేనివారి నిమిత్తము 30.05 అని మరియొకటి కలదు. ఆ రెండు పలకల మాటలు ఇంగ్లీషులోను స్పానిషులోను ఉండవలెను. అక్షరములు అంగుళమునకు తక్కువ కారాదు. ఏ పలక కట్టవలెననునదే ఆ తెలుగు పెద్దల ప్రశ్న. 2023 మే 6న డాలస్‌కు దాపుననున్న అలెన్ పట్టణపు అంగళ్ల సముదాయములో ఎనిమిదిమంది హతులైరి. వారిలో మన తెలుగు బిడ్డయు ఒకతె. కాబట్టి ఆ గదిలో ఎవరికిని అది వట్టి వాదము కాదు.

రాత్రివేళ పెట్రోలు బంకులో గల్లాయొద్ద నిలువబడు ఒక యువకుడు, “అయ్యగారూ, గీతకానికి కత్తి ఎట్టిదో నాకు పిస్తోలు అట్టిది. గుడికి వచ్చునప్పుడు కారులో విడిచి రమ్మనెదరా?” అని అడిగెను. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె, “రొట్టెయు ద్రాక్షారసమును అందించు చేతిప్రక్కనే నడుమున పిస్తోలు కనబడినచో, నా మనస్సు ప్రభువుమీద నిలుచునా అయ్యగారూ?” అనెను. అప్పటివరకు మాటలాడక కూర్చున్న ఒక విద్యార్థి మెల్లగా, “మాలో సగముమందికి ఆ హక్కే లేదండి” అనెను. అతడు చెప్పినది నిజము. చదువుటకు వచ్చిన విద్యార్థులును, హెచ్-1బి వీసాపై పనిచేయువారును, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి ఉంచుకొనుటయే అక్కడి కేంద్ర చట్టమునకు విరుద్ధము. గ్రీన్‌కార్డు గలవారికిని పౌరులకును ఆ అడ్డంకి లేదు. అనగా ఒకే బల్లమీద కూర్చుండి ఒకే పాట పాడువారిలో ఒకడు ఆయుధము ధరింపగలవాడు, వాని ప్రక్కవాడు ధరింపలేనివాడు. నడుమున పిస్తోలు కనబడినంతనే ఆ భేదము సంఘమంతటికిని కనబడును.

చదువరీ, లేఖనములు ఈ విషయములో ఒకే మాట చెప్పవు. ఎజ్రా యెరూషలేమునకు ప్రయాణమైనప్పుడు, దేవుని కాపుదలను గూర్చి రాజుతో చెప్పియుండి మరల సైనికులను అడుగుటకు సిగ్గుపడి, ఉపవాసముండి బయలుదేరెను. కొన్ని సంవత్సరములకు అదే త్రోవను వెళ్లిన నెహెమ్యా రాజు పంపిన గుఱ్ఱపు రౌతులను వెంటబెట్టుకొనెను. అతని పనివారు కత్తులు కట్టుకొనియే గోడ కట్టిరి. ఇద్దరును భక్తులే. దేవుడు ఇద్దరిని క్షేమముగా చేర్చెను. కాని యోవాబును చూడుడి. అతడు సహోదరుడా అని పలుకరించి, ముద్దుపెట్టుకొనువానివలె అమాశా గడ్డము పట్టుకొని, రెండవ చేతి కత్తితో పొడిచెను. ఆ కత్తి దాచినదియు కాదు, నడుముననున్నదే. అమాశా దానిని లక్ష్యపెట్టలేదు. కత్తి కనబడినంత మాత్రమున హృదయము కనబడదు.

కాబట్టి ఆ పెద్దలతో నేనిట్లంటిని. “మోయు హక్కు ఉన్నదా లేదా అని చట్టము చెప్పును. సంఘము అడుగవలసిన ప్రశ్న వేరు. నా భయమును ఎవరు మోయవలెను? నేను పిస్తోలును బాహాటముగా కట్టుకొని వచ్చితినా, నా భయమును ఆ తల్లిమీదను, ఆ విద్యార్థిమీదను, మొదటిసారి వాకిట అడుగుపెట్టిన పరదేశిమీదను మోపుచున్నాను. మరుగుగా కట్టుకొంటినా, ఆ బరువును నేనే మోయుచున్నాను. అయితే మరుగులోను ఒక అపాయము కలదు. ఎవరికిని లెక్క చెప్పనక్కరలేని బలము మనుష్యుని గర్వింపజేయును. కాబట్టి ధరింపవలసినవాడు జనుల కన్నులకు మరుగుగాను, పెద్దలకు తెలియబడినవాడుగాను ఉండవలెను. శిక్షణ లేనివాడు ధరింపరాదు. కోపిష్ఠి ధరింపరాదు. ప్రసంగపీఠము ఎక్కువాడును, బల్లయొద్ద నిలుచువాడును ధరింపరాదు.”

మరియొక మాటయు చెప్పితిని. వైట్ సెటిల్‌మెంటులో తుపాకి పేలుటకు ముందే కన్నులు పనిచేసెను. పెట్టుడు జుట్టు, పెట్టుడు గడ్డము, పొడవు కోటు చూచి కావలివారు ఆ మనుష్యుని గమనించుచుండిరి. పూర్వము ఆ మనుష్యునికి పలుమారులు ఆహారమిచ్చితిమని ఆ సంఘపు బోధకుడు తరువాత చెప్పెను. వాకిట నిలిచి వచ్చువారిని పేరుపెట్టి పిలువగలవాడే సంఘమునకు మొదటి కావలి. చార్లెస్టన్‌లో హతులైనవారి బంధువులు రెండు దినములకే న్యాయస్థానములో ఆ హంతకునితో క్షమించితిమని చెప్పిరి. చేర్చుకొనుటకు వెల యున్నదని ఎరిగియే మన వాకిండ్లు తెరచి ఉంచవలెను.

ఆ సంఘము 30.07 పలకను మాత్రమే కట్టుటకును, లైసెన్సు గలవారిలో ఇద్దరిని ఏర్పరచి వారి పేరులు పెద్దలు మాత్రమే ఎరిగియుండుటకును నిర్ణయించెను. ఒక వృద్ధుడు దీనికి సమ్మతింపలేదు. మందిరములో ఏ ఆయుధమును ఉండరాదనియు, గెత్సేమనే తోటలో పేతురు కత్తిని ప్రభువు ఒరలోనికి పంపెననియు అతడు చెప్పెను. ఆయన మాటను నేను కొట్టివేయజాలను. ఆ ఆదివారము ఆయన మొదటగా బల్లయొద్దకు వచ్చెను. పెట్రోలు బంకు యువకుడు ఆయన చెయ్యి పట్టుకొని నడిపించెను.

ఇక మన సంగతి యేమి? మన నడుమున పిస్తోలు లేదు గాని, మన ప్రహరీగోడలపై గాజుపెంకులు పాతించితిమి, గేటుకు కుక్కను గూర్చిన పలక కట్టితిమి. కొందరు దిండు క్రింద కత్తి ఉంచుకొని నిద్రించుచున్నారు. ఇవి పాపములని నేను చెప్పుటలేదు. దొంగలున్నారు, ఇంట పిల్లలున్నారు. అయినను ఈ సాయంకాలము మీ గేటుయొద్ద నిలిచి చూడుడి. ఆ గోడను చూచి వెనుకకు తిరిగిపోవువారిలో దొంగలెందరో, దాహమడుగ వచ్చినవారెందరో ప్రభువు సన్నిధిని ఆలోచించుడి. ఆయన మనకు జాగరూకతను, దానితోకూడ తెరచిన వాకిలిని దయచేయును గాక.