సూరిబాచి: రోలు పేరున్న గుట్ట

జపాన్‌లో నువ్వులు నూరుకునే మట్టి గిన్నెను సూరిబాచి అంటారు. లోపలంతా గీతలుంటాయి, కర్రతో నూరుతారు. టోక్యోకు దక్షిణాన దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇవో జిమా దీవి కొసన ఒక అగ్నిపర్వతం ఉంది. దానికీ అదే పేరు. మన మాటల్లో రోలుగుట్ట అనుకోండి. ఎత్తు 169 మీటర్లే.

మా పెద్దేముల్ దగ్గరి అనంతగిరి గుట్టలు కూడా ఒకప్పటి లావానే. కాకపోతే ఇక్కడ ఆ కథ ఆరు కోట్ల ఏళ్ళ కిందటే చల్లారింది. అక్కడ ఇంకా నడుస్తోంది. దీవి పైకి ఉబుకుతూనే ఉంది, 2023లో పక్కనే సముద్రంలో చిన్న కొత్త దీవి కూడా పుట్టింది.

నేను దీని గురించి చదవడానికి కారణం మా చిన్నాయన కొడుకు. అగ్నివీర్‌కు తయారవుతున్నాడు. ఆ గుట్ట మీద ఆరుగురు సైనికులు జెండా నిలబెడుతున్న ఫోటో వాడి ఫోన్ వాల్‌పేపర్. "దీన్ని చూస్తే రక్తం ఉడుకుతది అన్నా" అంటాడు. వాళ్ళెవరురా అంటే, "అమెరికా సోల్జర్లు" అన్నాడు. అంతే తెలుసు.

అమెరికా సైన్యం 1945 ఫిబ్రవరి 19న అక్కడ దిగింది. తీరమంతా నల్లటి బూడిద ఇసుక. అడుగేస్తే కాలు దిగబడుతుంది, గుంత తవ్వితే పూడిపోతుంది. జపాన్ సైనికులేమో భూమి లోపల, కిలోమీటర్ల కొద్దీ సొరంగాల్లో ఉన్నారు. 23న జో రోసెంతాల్ ఆ ఫోటో తీశాడు. నిజానికి అది ఆ రోజు ఎగరేసిన రెండో జెండా. మొదటిది చిన్నదిగా ఉందని మార్చారు.

ఫోటో చూస్తే యుద్ధం గెలిచేసినట్టే అనిపిస్తుంది కదా. కానీ అది ఐదో రోజు మాత్రమే. పోరు మార్చి 26 దాకా సాగింది. అమెరికా వాళ్ళు దాదాపు 6,800 మంది పోయారు. జపాన్ వైపు సుమారు 21,000 మంది ఉంటే, ప్రాణాలతో పట్టుబడినవాళ్ళు 216 మందే. దీవిలో కాపురాలున్న వెయ్యిమందిని 1944లోనే ఖాళీ చేయించారు. వాళ్ళ ఊరు వాళ్ళకు ఈ రోజుకీ దక్కలేదు. నన్నడిగితే, వాల్‌పేపర్‌లో కనబడాల్సింది ఇది కూడా.

ఆ ఆరుగురిలో ముగ్గురు మళ్ళీ ఇంటికి రాలేదు, అదే దీవిలో చనిపోయారు. మిగతావాళ్ళ పేర్ల విషయంలోనూ 2016లో ఒకసారి, 2019లో ఒకసారి దిద్దుబాటు జరిగింది. పాత ఫోటోల్లో బట్టలు, సామాన్లు పోల్చి చూసి కనిపెట్టారు. మన ఇమేజ్ ప్రాసెసింగ్ క్లాసులో ఇలాంటి ఉదాహరణ చెబితే ఎంత బాగుండును!

దసరా సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా తమ్ముడికి చెబుతుంటే, చిన్నమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ వింటోంది. కర్ర మొదట్లో వంగి ఉన్నవాడి పేరు హార్లన్ బ్లాక్. ముఖం కనబడదు, వీపే కనబడుతుంది. పేపర్లో వేరే సైనికుడి పేరేసినా, వాళ్ళమ్మ మాత్రం వాడు నా కొడుకేనని పట్టుబట్టింది. 1947లో ఆమె మాటే నిజమని ఒప్పుకున్నారు.

చిన్నమ్మ చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. ఆ వీపును పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"ఎనుకకెల్లి చూసినా ఎర్కపట్టదా తల్లి" అని ఫోన్ వాడికిచ్చేసింది.

వాడు వాల్‌పేపర్ మార్చలేదు. రోజూ ఐదింటికి తాండూరు రోడ్డు మీద పరుగుకు పోతున్నాడు. లేపేది చిన్నమ్మే.