కాలువొస్తే... గాలమే!

ఆలూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేది వాన కోసం ఎదురుచూసే చేలు, సుగ్గికి తరలిపోయే కుటుంబాలు. చేపలు మాత్రం కాదు. అయినా తుంగభద్ర కాలువలో నీళ్లు కదిలాయంటే చాలు... వెదురు గడలు అటకల మీంచి కిందికి దిగుతాయి. ఆ గడకూ నీళ్లలోని చేపకూ మధ్య ఉండేది సన్నని నైలాన్ దారం. అది మంచిదైతే రాత్రికి చేపల పులుసు. కాకపోతే... తెగిన దారం, ఉత్త చేతులు!

కర్నూలు జిల్లా పడమటి కొసన, బళ్లారి నుంచి ఆదోని వెళ్లే దారిలో ఉంటుంది ఆలూరు. అటుపక్కే వేదవతి నది. స్థానికులకు హగరి. గాదిలింగప్ప తాత జాతర జరిగే గూళ్యం ఈ ఏటి ఒడ్డునే ఉంది. కానీ ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. అందుకే ఈ ప్రాంతం ఆశలన్నీ దిగువ కాలువ మీద. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట నుంచి బయల్దేరి, కర్ణాటక దాటి, హాలహర్వి మీదుగా, దసరా రాత్రి కర్రల సమరంతో పేరుపడ్డ దేవరగట్టు ఉన్న హొళగుంద వైపు సాగుతుందది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆనకట్ట పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతుల గుండెల్లో రాయి పడింది ఇందుకే. నీళ్లుంటే పంట. ఆ నీళ్లతోపాటే రోహు, బొచ్చె, జెల్ల, జిలేబీ చేపలు. గాలానికి దొరికే కాలం ఇక్కడ కొద్ది నెలలే. ఆ కొద్ది రోజుల్లో దారం మోసం చేస్తే ఎంత బాధో, వేసినవాళ్లకే తెలుస్తుంది.

పత్తి పోయి నైలాన్ వచ్చె!

ఆదోని చుట్టుపక్కలంతా పత్తికి పెట్టింది పేరు. అయినా గాలానికి పత్తి దారం పనికిరాదు. నీళ్లలో నాని, కొన్నాళ్లకే కుళ్లిపోతుంది. ఆ బెడద తీర్చింది నైలాన్. అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం 1935లో దాన్ని తయారుచేసింది. 1938లో కంపెనీ ఆ సంగతి లోకానికి చెప్పింది. పాపం, కరోథర్స్ అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు. పోగులు పేనకుండా ఒకే పోగుగా తీసిన నైలాన్‌నే మోనోఫిలమెంట్ అంటారు. నీళ్లలో అంతగా కనిపించదు, తొందరగా కుళ్లదు. అన్నిటికంటే ముఖ్యం... సాగుతుంది!

ఆ సాగుడే వెదురు గడ పట్టేవాళ్లకు శ్రీరామరక్ష. చేప గుంజినప్పుడు దారం వదిలే చక్రం మన గడకు ఉండదు కదా. ఆ కుదుపును గడ వంగీ, దారం సాగీ తట్టుకోవాలి. పోగులు అల్లిన కొత్తరకం దారాలు సన్నగా ఉండి ఎక్కువ బరువు లాగుతాయి నిజమే. కానీ అవి సాగవు, చేతులు కోస్తాయి, ధరా ఎక్కువే. రోజువారీ సరదాకు మామూలు నైలానే మేలు.

ఎంత లావు ఉండాలి?

ఉండ మీద రెండు అంకెలు చూడాలి. ఒకటి మిల్లీమీటర్లలో మందం. రెండోది అది ఓర్చుకునే బరువు. పౌండ్లలో ఉంటే సగం కంటే కాస్త తక్కువగా లెక్కేసుకుంటే కిలోలు వస్తాయి. పది పౌండ్లంటే నాలుగున్నర కిలోలన్నమాట.

అరచేతి జిలేబీలకు 0.20 మి.మీ. చాలు. కిలో, రెండు కిలోల రోహు, బొచ్చెలకు 0.30 దగ్గర ఉన్నది వాడితే నిశ్చింత. పాచిలో నక్కే కొర్రమీనుకు మాత్రం 0.40 కావాలి. దాని పళ్లు వాడి, పైగా పట్టుబడగానే నాచులోకి దూరుతుంది. అలాగని అన్నిటికీ లావు దారమే అంటే కుదరదు. బిరుసుగా ఉండి చుట్టలు చుట్టుకుంటుంది. తేట నీళ్లలో చేపకు అనుమానమూ వస్తుంది.

కొట్లో ఎండ తగిలేచోట వేలాడదీసిన ఉండ వద్దు. ఎండ నైలాన్‌కు శత్రువు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మన సీమలో మరీను. ఒక బార దారం లాగి వేళ్ల మధ్య జార్చి చూడండి. గరుకు తగిలితే పక్కన పెట్టేయండి. నైలాన్ నీళ్లు పీల్చుకుంటుంది, తడిస్తే బలం కొంత తగ్గుతుంది. అందుకే కావలసినదానికంటే కాస్త ఎక్కువ బరువు ఓర్చేది తీసుకోవాలి.

ముడిలోనే మర్మం

చాలాసార్లు దారం తెగేది నడిమధ్యన కాదు, గాలం ముడి దగ్గర. గాలం కన్నులోంచి దూర్చి, దారం చుట్టూ ఐదు మెలికలు తిప్పి, కొసను మొదటి సందులోంచి తీసి బిగించాలి. బిగించే ముందు ముడిని తడపాలి. పెద్దవాళ్లు నోట్లో పెట్టుకుని తడిపేది ఊరికే కాదు. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాన్ బలహీనపడుతుంది. కాలువ రాళ్లకు రాసుకున్న చివరి రెండు మూరలను అప్పుడప్పుడూ కోసేసి కొత్త ముడి వేసుకోవాలి. ఇక చేప తగిలాక తాత మనవడికి చెప్పే మాట ఒకటే... ‘‘నిదానం నాయనా, ఒకేసారి గుంజొద్దు. దాన్ని కాసేపు తిరగనీ!’’

కోసిన ముక్కలను గట్టు మీద పారేస్తే మాత్రం పాపం మూటగట్టుకున్నట్టే. నైలాన్ మట్టిలో కలవడానికి వందల ఏళ్లు పడుతుంది. ఈలోగా కొంగల కాళ్లకు చుట్టుకుంటుంది, మేతతోపాటు గొర్రెల కడుపులోకి పోతుంది. చిన్న ముక్కలుగా కత్తిరించి ఇంటికి తెచ్చి చెత్తబుట్టలో వేయడం కష్టమేం కాదు.

మరో రెండు జాగ్రత్తలు. తాగునీటి చెరువుల్లో గాలం వేయకూడదు. మత్స్యకార సంఘాలు కౌలుకు తీసుకున్న చెరువుల్లో వాళ్ల అనుమతి అడగాలి. అది వాళ్ల పొట్టకూడు. ఇక పిల్లలను కాలువ గట్టుకు ఒంటరిగా పంపొద్దు. నిండుగా పారే కాలువలో జారితే గట్టు ఎక్కడం ఈతగాళ్లకూ కష్టమే. తెగిన దారం కోసం దిగనే కూడదు. దారం మళ్లీ కొనుక్కోవచ్చు.

సాయంత్రం చేప దొరికిందా, జొన్నరొట్టెలోకి పులుసు సిద్ధం. దొరకలేదా... దారాన్ని తుడిచి, ఉండకు చుట్టి, నీడలో దాచుకోవడమే. కరవు సీమలో ఎదురుచూపులు కొత్తా? కాలువలో నీళ్లున్నన్నాళ్లూ రేపు మళ్లీ గాలం వేయొచ్చు!