ఒకే ల్యాప్‌టాప్, రెండు విలువలు

"సార్, సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోందండీ" అంది మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి.

తప్పు కాదు. క్లయింటు ఓ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. ఏప్రిల్ 1న 60,000కి కొన్న ల్యాప్‌టాప్. కంపెనీల చట్టం ప్రకారం దాని ఆయుష్షు 3 ఏళ్లు. చివర్లో మిగిలే విలువ 5 శాతం అనుకుంటే, ఏటా సమానంగా 19,000 తరిగి 3,000 మిగులుతుంది.
ఆదాయపు పన్ను లెక్క వేరు. ఏటా మిగిలినదాని మీద 40 శాతం తరుగుదల. మూడేళ్లకి ఇంకా 12,960 ఉంటుంది!

కాగితం మీద వేసి చూపించా.
36,000...
21,600...
మూడో అంకె తనే చెప్పేసింది. ఎంత సంతోషమేసిందో!

బటన్ నొక్కితే తరుగుదల షెడ్యూలు క్షణంలో వస్తుంది, నిజమే. కానీ ఆ ఏడాదే కొన్న ఇంకో మెషీన్ వాడకంలోకి వచ్చింది అక్టోబరు 3నా, 4నా? లీపు కాని ఏడాదిలో 4 అయితే 180 రోజులకి ఒకటి తగ్గుతుంది, పన్ను లెక్కలో ఆ ఏడాది తరుగుదల సగమే. ఇన్‌వాయిస్ తేదీ కొట్టేస్తే సాఫ్ట్‌వేర్‌కేం తెలుసు? క్లయింటుకి ఫోన్ చేసి కనుక్కోవాల్సింది మనమే.

అందుకే కొత్తవాళ్లకి ముందు కాగితం మీదే నేర్పాలంటాను.

అకౌంటెంట్ మిత్రులూ, మీ దగ్గర ఎలా నేర్పుతున్నారు?