ప్రెసిడెంటు గారి టెలిఫోను

బావగారూ,

ఆస్టిన్ నుంచి రాస్తున్నాను. ఇక్కడి మాల్స్, రోడ్లు, మంచుపొడి లేని చలికాలం, ఇవన్నీ మీకు వాట్సాప్‌లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు కనుక వాటి జోలికి పోను. టెక్సస్ యూనివర్సిటీలో విన్న ఒక ఉపన్యాసం సంగతి మాత్రం మీకు రాయకుండా ఉండలేను. విషయం దేశాధ్యక్షుల నాయకత్వం. చెప్పినాయన చరిత్ర ప్రొఫెసరు. టికెట్టు లేదు, ఊళ్లో ఎవరైనా రావచ్చు. చేతికర్రలతో ముసలివాళ్లు, వీపున సంచులతో కుర్రాళ్లు, హాలు నిండిపోయింది. జ్యోతి ప్రజ్వలన లేదు, శాలువాలు లేవు. సమయాభావం అంటూనే ముప్పావుగంట మాట్లాడే సభాధ్యక్షులవారు అసలే లేరు.

సభ జరిగింది లిండన్ జాన్సన్ గ్రంథాలయం ఆవరణలో. కెనెడీ హత్య జరిగిన రోజే అమెరికా అధ్యక్షుడిగా గద్దెనెక్కిన జాన్సన్ ఈయనే. 1971లో తెరిచిన ఈ పదంతస్తుల లేతరంగు రాతి కట్టడాన్ని బయటినుంచి చూస్తే ఏ చక్రవర్తి సమాధో అనుకుంటాం. లోపల పెద్ద హాల్లో నిలబడి తలెత్తితే అద్దాల వెనక, నాలుగంతస్తుల ఎత్తున, ఎర్రటి పెట్టెలు. ఒక్కోదాని మీద బంగారు రంగు ముద్ర. అన్నీ ఆయన హయాం కాగితాలే. గ్రంథాలయంలో ఉన్న కాగితాలు నాలుగున్నర కోట్ల పేజీలట! చదువుకుంటానని కార్డు రాయించుకుంటే నాలాంటి పరదేశికి కూడా పైసా అడక్కుండా తెచ్చి బల్ల మీద పెడతారు. ఒక్క అడంగల్ నకలు కోసం మనం ఎంత తిరుగుతామో మీకు నేను చెప్పాలా?

కాగితాలకంటే వింత టేపులు. జాన్సన్ తన ఫోను సంభాషణల్ని గుట్టుగా రికార్డు చేయించాడు. 600 గంటల పైమాటే. తను పోయాక 50 ఏళ్లదాకా తెరవొద్దన్నాడు. 1973లో పోయాడు. గ్రంథాలయం వాళ్లు 1993లోనే విప్పడం మొదలుపెట్టారు.

ప్రొఫెసరు గారు వాటిలో కొన్ని వినిపించారు. 1964 ఆగస్టులో ఒకటి. దేశాధ్యక్షుడు స్వయంగా ప్యాంట్ల కంపెనీ యజమానికి ఫోన్ చేసి ఆరు ప్యాంట్లు కుట్టించమంటున్నాడు. కూర్చుంటే జేబులోంచి డబ్బులూ చాకూ జారిపోతున్నాయట, ఇంకో అంగుళం లోతు పెంచాలట. నడుం దగ్గర గుడ్డ వదలాలట, ఒళ్లు పెరుగుతూ తగ్గుతూ ఉంటుందట. ఆ తర్వాత ఎక్కడెక్కడ బిగుతుగా ఉందో చెప్పింది అక్కయ్య కూడా చదివే ఉత్తరంలో రాయలేను. మధ్యలో ఒక భారీ త్రేన్పు. హాలంతా నవ్వులు.

ఆ మనిషే చట్టసభలో ఓట్లు కూడా అంగుళాల లెక్కన కొలిచేవాడని చెప్పడానికే ప్రొఫెసరు గారు అది వినిపించారు. జాన్సన్ గొప్ప వక్త కాడు. 1964లో నల్లవాళ్ల హక్కుల బిల్లును దక్షిణాది సెనేటర్లు రెండు నెలలకు పైగా మాటలతోనే అడ్డుకున్నారు. ఆ ప్రసంగాలు ఆపాలంటే 67 ఓట్లు కావాలి. అడ్డం పడ్డవాళ్లలో ఎక్కువమంది సొంత పార్టీవాళ్లే. అందుకని ప్రతిపక్ష నాయకుడు డర్క్‌సెన్‌ని పట్టుకున్నాడు. ఘనతంతా నీదే అనిపించి, అవతలివాళ్ల ఓట్లు ఆయన చేతనే తెప్పించాడు. జూన్ 10న 71 పడ్డాయి. జూలై 2న సంతకమైంది.

నవ్వులు ఆగిపోయింది మరో టేపుకి. 1964 మే 27. సెనేటర్ రసెల్‌తో వియత్నాం గురించి మాట్లాడుతున్నాడు. అందులోంచి బయటపడే దారి ఇద్దరికీ కనిపించడం లేదు. తన ఇంట్లో పనిచేసే సార్జెంటుకు ఆరుగురు పిల్లలని ఆ రోజే తలుచుకుని, అలాంటివాణ్ణి అక్కడికి ఎలా పంపేదని బాధపడ్డాడు. ఇంత తెలిసీ మరుసటేడు దండుల్ని దించాడు. 1968 నాటికి అక్కడున్న సైనికులు అయిదు లక్షల పైచిలుకు. ఆయన పేరు పెట్టిన చోటే నిలబడి ప్రొఫెసరు గారు ఆ పాపాన్ని వరసపెట్టి విప్పుతుంటే ఎవరూ లేచి గొడవ చేయలేదు. చివర్లో చప్పట్లు కొట్టారు. మన దగ్గర ఏ విగ్రహం పక్కన నిలబడి ఈ పని చేయగలమో చెప్పండి.

ప్రశ్నల వేళ నేనూ మైకు దగ్గర వరసలో నిలబడ్డాను. జాన్సన్ మీద మీ పాత కోపం నాకు తెలుసు కదా. కరువు రోజుల్లో అమెరికా ఆహార సాయంగా మనకు రావలసిన పి.ఎల్. 480 గోధుమ ఓడల్ని నెలనెలా తన గుప్పిట్లో పెట్టుకుని వదిలినవాడు ఆయనే. వియత్నాంపై మనవాళ్ల విమర్శ ఆయనకు గిట్టలేదు. మీ సేద్యం మీరు బాగుచేసుకోండన్న ఒత్తిడీ అందులో ఉంది. 1966లో అమెరికా గోధుమ పంటలో దాదాపు అయిదో వంతు మన దేశానికి వచ్చిన మాటా నిజమే. ఇది నాయకత్వం కిందకు వస్తుందా అని అడిగాను. ప్రొఫెసరు గారు తప్పించుకోలేదు. సెనేటర్ల మీద వాడిన బేరాన్నే ఆకలితో ఉన్న దేశం మీదా జాన్సన్ వాడాడని ఒప్పుకున్నారు.

ఆ ఉపన్యాసంలో ప్రస్తావనకు రానిది ఒకటుంది. 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా విగ్రహం దగ్గర జాన్సన్ వలస చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు మన దేశం మొత్తానికి ఏడాదికి 100 మంది కోటా. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదని ఆ సభలో ఆయనే అన్నాడు. ఆ చట్టం తెరిచిన దారినే మన గుంటూరు, ఉస్మానియా డాక్టర్లు వచ్చారు, వాళ్ల వెనక ఇంజనీర్లు, ఆ వెనక మా అల్లుడు. ఓట్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టినవాడికి ఈ లెక్క అందలేదు.

టేపులిప్పుడు ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతున్నాయి. మనవడి చేత పెట్టించుకుని ముందు ప్యాంట్ల ఫోను వినండి, తర్వాత రసెల్‌ది. విన్నాక జాన్సన్‌కి ఎన్ని మార్కులు వేస్తారో రాయండి. నేనైతే హక్కుల చట్టానికి నూటికి నూరు వేసి, వియత్నాంకి సున్నా వేసి, పాస్ చేయాలా వద్దా అన్నది మీకే వదిలేస్తున్నాను.